బాదం కొండ మీద మూడు దెబ్బలు

చలి గురించి ఎవరైనా నాకు చెప్పబోతే ఒకప్పుడు నవ్వొచ్చేది. నా బతుకంతా చలిలోనే గడుస్తున్నది మరి. తబూక్‌లో ఒక పెద్ద కోల్డ్ స్టోరేజీలో నేను ఫ్రీజర్ల మెకానిక్‌ని. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కోళ్ళు, చేపలు, మాంసం మైనస్ పద్దెనిమిదిలో రాళ్ళలా పడి ఉంటాయి. బయట ఎండ నెత్తి మాడుస్తుంటే మేం లోపల కాయిల్స్ మీద పేరుకున్న మంచు గీకుతుంటాం. మాది జగిత్యాల దిక్కు. సౌదీలో చలికి వణుక్కుంటూ పని చేస్తానంటే మా వాళ్ళు ఇప్పటికీ నమ్మరు. ఎడారిలో చలేందిరా అంటారు. మొదట్లో ఓపికగా వివరించేవాణ్ణి. ఆ ఓపిక అయిపోయాక, అవును, ఒంటెలు కాస్తున్నా అని చెప్పి ఫోన్ పెట్టేయడం నేర్చుకున్నాను.

నా జోడీ కడప జిల్లా మనిషి, ముసల్మాను, వయసులో నాకంటే చాలా పెద్ద. నేను భాయ్ అనేవాణ్ణి, ఆయన అబ్బీ అనేవాడు. ఆయన తెలుగు నాకు, నా తెలుగు ఆయనకు పూర్తిగా ఎక్కడానికి కొన్నాళ్ళు పట్టింది. అప్పటిదాకా మధ్యలో ఉర్దూ ఆదుకుంది. సౌదీకి వచ్చిన కొత్తలో ఖతీఫ్‌లో చేపల కోల్డ్ స్టోరేజీలో చేసి, అక్కణ్ణుంచి ఈ మూలకు వచ్చి పడ్డాడు. మాట మెత్తన, నడక మెల్లన. పనిలో మాత్రం ఆయన చాదస్తం భరించడం నా వల్ల అయ్యేది కాదు.

ఫ్రీజర్ పని ఎప్పుడూ ఇద్దరిది. ఒకరు లోపల, ఒకరు బయట. లోపలి నుంచి తలుపు తెరుచుకోవడానికి ఒక గుబ్బ ఉంటుంది, నొక్కితే మోగే అలారం ఉంటుంది. భాయ్ ఆ రెంటినీ నమ్మడు. తను బయట ఉన్నప్పుడల్లా కాసేపటికొకసారి పానా తీసి తలుపు చట్రం మీద మూడు దెబ్బలు కొడతాడు. లోపలున్న నేను రెండు దెబ్బలతో జవాబివ్వాలి. జానెడు మందం తలుపు కాబట్టి లోపలి చప్పుడు బయటికి సరిగా రాదు. అందుకని ఆయన చట్రం ఇనుముకు చెవి ఆనించి, కళ్ళు మూసుకొని, జవాబు వచ్చేదాకా అలాగే నిలబడేవాడు.

నేను నిచ్చెన మీద ఉండి, రెండు చేతులూ కాయిల్స్ సందులో ఇరికించుకొని, పని మంచి ఊపు మీదున్నప్పుడే ఆ మూడు దెబ్బలు పడేవి. తిట్టుకుంటూ దిగి రెండు కొట్టేవాణ్ణి. ఒక్కోసారి ఒళ్ళు మండి నాలుగైదు బాదేవాణ్ణి. అప్పుడాయన తలుపు లాగి, ఏమైందని నిజంగానే కంగారుగా అడిగేవాడు. ఆ మొహం చూశాక ఇంకేమంటాం, ఏం లేదు భాయ్ అని మళ్ళీ నిచ్చెన ఎక్కేవాణ్ణి. ఒకసారి చాయ్ తాగుతూ ఆయనే చెప్పాడు, ఖతీఫ్‌లో గుబ్బ గడ్డకట్టి లోపల చిక్కుకుపోయాడట. ఎంత బాదినా బయట ఎవరూ లేరట. చివరికి ఎవరో చేపల పెట్టె కోసం వచ్చి తీశారట. వేళ్ళ కొసలకు అప్పటి నుంచి సరిగా స్పర్శ లేదు. చాయ్ గ్లాసు వేడిగా ఉందో లేదో పెదవికి తగిలించి చూసుకునేవాడు.

అలాంటి మనిషికి ఒక కోరిక ఉండేది. ఇన్నేళ్ళూ గీకిన మంచు, ఎవరూ గీకకుండా దానంతటది ఆకాశం నుంచి రాలుతుంటే కింద నిలబడి చూడాలని. తబూక్‌లో ఉంటూ ఆ కోరిక మరీ గొంతెమ్మ కోరికేమీ కాదు. అటు పడమటగా జబల్ అల్ లోజ్ ఉంది, బాదం కొండ అని అర్థం. చలికాలంలో దాని మీద మంచు పడుతుంది. సెల్‌ఫోన్లన్నీ వీడియోలతో నిండిపోతాయి. కానీ అది ఎప్పుడూ మా సెలవు చూసుకొని పడదు. మాకు శుక్రవారం వచ్చేసరికి కరిగి రాళ్ళు తేలేవి. ప్రతి ఏడూ ఇదే తంతు. ప్రతి ఏడూ భాయ్, పోనీలే వచ్చే ఏడు చూద్దాం అనేవాడు.

ఆ చలికాలం వచ్చేసరికి ఇక వచ్చే ఏడు లేదు. భాయ్ ఎగ్జిట్ కాగితాలు పూర్తయ్యాయి. ఇఖామా, అంటే ఇక్కడ ఉండడానికి ఇచ్చిన కార్డు, తిరిగి ఇచ్చేసి, ఇక రాకుండా ఇంటికి పోవడమే. వచ్చే వారం విమానం. మిగిలింది ఒక్క శుక్రవారం. మామూలుగా మంచు పడాల్సిన రోజులు ఇంకా రాలేదు, చలికాలం అప్పుడే మొదలవుతున్నది. అయినా గురువారం సాయంత్రం అందరి ఫోన్లూ ఒక్కసారి మోగాయి. కొండ తెల్లబడిందట, రేపు ఇంకా పడుతుందట. నేను వీడియో చూపించబోతే భాయ్ చెయ్యి అడ్డం పెట్టాడు.

“వద్దబ్బీ. ఇన్నాళ్ళు ఉన్నా, ఇంకొక్క రాత్రి ఉండలేనా. కంటితోనే చూస్తా.”

ఎలాగైనా చూపిస్తానని నాకు నేనే మాటిచ్చుకున్నాను. మా కంపెనీలోనే పికప్ నడిపే హైదరాబాదీ ఒకతను వస్తానన్నాడు, బండిలో హీటర్ బంద్ చేయమనకుండా ఉంటేనే అన్న షరతు మీద. బజారులో సౌదీలు ఫర్వాలు కొంటున్నారు. లోపల బొచ్చు ఉండి, కాళ్ళ దాకా వేలాడే పెద్ద కోట్లు అవి. డ్రైవర్ మమ్మల్ని కూడా అద్దెకైనా రెండు తెచ్చుకొమ్మన్నాడు. మేమిద్దరం మొహాలు చూసుకొని నవ్వుకున్నాం. మైనస్ పద్దెనిమిదిలో రోజూ పని చేసేవాళ్ళకు ఫర్వా కావాలా? మా ఫ్రీజర్ సూట్లు, ఫ్రీజర్ బూట్లు, ఫ్రీజర్ గ్లౌజులు వేసుకున్నాం. ఇద్దరం అంత మందాన ఉబ్బి పికప్‌లో కూర్చుంటే డ్రైవర్‌కు గేరు మార్చడానికి చోటు లేకపోయింది.

కొండ కింద పోలీసులు బండ్లు ఆపేస్తున్నారు. అక్కణ్ణుంచి నడక. రోడ్డు పక్కన సౌదీ కుటుంబాలు తివాచీలు పరిచి, పొయ్యిలు వెలిగించి, ఒకటే సందడి. డ్రైవర్ హీటర్ ముందు కాళ్ళు చాపుకొని, పోయి రండి, నేను అద్దంలోంచి చూస్తా అన్నాడు. నమాజు వేళయింది. నమాజుకు ముందు చేతులూ మొహమూ కడుక్కునే వజూకి భాయ్ నీళ్ళ సీసా తీశాడు. ఆ నీళ్ళు నేను ముట్టుకుంటే వేళ్ళు కొరికేస్తున్నాయి. నేను ఫ్లాస్కులో చాయ్ కోసం తెచ్చిన వేణ్ణీళ్ళు వాటిలో కలిపి ఆయన చేతుల మీద పోశాను. సగం ఫ్లాస్కు ఖాళీ అయింది. నా చాయ్ అల్లా ఖాతాలో పోయిందని గొణిగితే, ఆయన మొహం తుడుచుకుంటూ నీ పేరు కూడా చెప్తాలే అన్నాడు.

నడక మొదలుపెట్టాక మా తెలివి బయటపడింది. ఫ్రీజర్‌లో చలి పొడిగా ఉంటుంది. అక్కడ మంచు మీద పడితే దులిపేస్తే పోతుంది. పైగా కాసేపు ఉంటాం, బయటికొస్తాం, ఒళ్ళు వేడెక్కుతుంది, మళ్ళీ పోతాం. ఇక్కడ కొండ మీద చలి సున్నా దగ్గర తచ్చాడుతున్నది. కాళ్ళ కింద మంచు సగం మంచు, సగం నీళ్ళు. ఎక్కుతుంటే ఆ మందపాటి సూట్లలో చెమటలు పట్టాయి. జిప్పు తీస్తే గాలి కోస్తున్నది, వేస్తే ఉడికిపోతున్నది. గ్లౌజులు ఒక్కసారి నేల తాకగానే నీళ్ళు పీల్చాయి. గచ్చు మీద నడవడానికి చేసిన బూట్లు తడిసిన రాళ్ళ మీద ఎటంటే అటు పోతున్నాయి. పక్కనుంచి ఫర్వాలు కప్పుకున్న పిల్లలు చెంగుచెంగున ఎక్కిపోతుంటే, చలి పండితులం మేమిద్దరం రేలింగ్ పట్టుకొని దేకుతున్నాం. మా మీద మాకే కోపమొచ్చింది.

రేలింగ్ అంటే, రోడ్డు మలుపుల్లో బండ్లు లోయలో పడకుండా వేసిన ఇనుప పట్టీ. కింద నుంచి పైదాకా రోడ్డును పట్టుకొనే పోతుంది. ఒక మలుపు దగ్గర భాయ్ మోకాళ్ళు మొరాయించాయి. నేల తెల్లగానే ఉంది గాని పైనుంచి ఏమీ రాలడం లేదు. దిగి వస్తున్నవాళ్ళను అడిగితే పైకి చూపించి తల్జ్, తల్జ్ అంటున్నారు. పైన మంచు పడుతున్నదట. భాయ్‌ని పైదాకా నడిపించాక తీరా పడకపోతే? ఆయన మోకాళ్ళకు ఒక్క ఎక్కుడు మాత్రమే మిగిలి ఉంది, అది వృథా పోకూడదు.

“నువ్వు గీడనే కూసో భాయ్. పడ్తున్నదో లేదో నేను పోయి చూసొస్త. పడ్తే మెల్లగ తీస్కపోత,” అన్నాను.

ఆయనకు నచ్చలేదు. జోడీ లేకుండా లోపలికి పోగూడదన్నాడు. ఇది ఫ్రీజర్ కాదు, తలుపు లేదు, గుబ్బ లేదు అని నేను విసుక్కున్నాను. అందుకే చెప్తాండా అన్నాడు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. సూటు జేబులో ఆయన పానా ఎప్పటిలాగే ఉంది. దాంతో రేలింగ్ మీద కొడుతుంటాడు. అది వినపడనంత దూరం నేను పోకూడదు. చుట్టూ జనం ఉన్నారు, ఇదేం తమాషా అని నాకు సిగ్గేసింది. సరేనని ఎక్కడం మొదలుపెట్టాను. వెనక నుంచి మూడు దెబ్బలు పడ్డాయి. ఒకాయన ఆగి మరీ చూశాడు.

రోడ్డు చుట్టూ తిరిగి పోతుంది కాబట్టి, అందరూ ఎక్కుతున్న అడ్డదారిలో రాళ్ళ మీదుగా ఎక్కాను. జనం పలచబడ్డారు. కొంత పైకి పోయాక చెంప మీద ఏదో తగిలింది. తలెత్తి చూస్తే, పడుతున్నది.

దాన్ని ఎలా చెప్పాలో నాకిప్పటికీ తెలియదు. ఏళ్ళ తరబడి నేను చూసిన మంచు గట్టిది, మొండిది, గీకితే తప్ప రానిది. ఇది చప్పుడు లేకుండా, తొందర లేకుండా, ఎవరి మీదా కోపం లేనట్టు దిగుతున్నది. నా నల్ల గ్లౌజు మీద వాలి, కాస్త ఆగి, నీళ్ళయిపోతున్నది. నేను పిచ్చివాడిలా నవ్వుకుంటూ నిలబడ్డాను. ఆ వెంటనే భాయ్ గుర్తొచ్చాడు. చూపించగలను అన్న సంతోషంతో గిర్రున వెనక్కి తిరిగాను.

వెనక దారి లేదు. నేను నవ్వుకుంటుండగానే మబ్బు కొండ మీదికి దిగింది. చెయ్యి చాపితే చెయ్యి కనపడుతున్నది, దాని అవతల ఏమీ లేదు. నా అడుగులు ఉండాల్సిన చోట కొత్త మంచు పరుచుకున్నది. ముందు నడుస్తున్నవాళ్ళ మాటలు కూడా ఆగిపోయాయి. దిగడమే కదా, పల్లం వైపు పోతే చాలనుకొని నాలుగడుగులు వేశాను. కాలు జారి కూలబడ్డాను. బూటు కింద నుంచి ఒక రాయి కదిలి దొర్లింది. అది దొర్లుతూనే పోయింది, ఎంతకీ ఆగిన చప్పుడు రాలేదు. అప్పుడు భయమేసింది. లోయ ఎటువైపుందో నాకు తెలియదు.

ఫోన్ తీశాను. తడి వేలికి అది పలకలేదు. తుడుద్దామంటే ఒంటి మీద పొడిగా ఉన్న గుడ్డ లేదు. కాసేపటికి చలికి అదే ఆరిపోయింది. చెమటతో తడిసిన బనియను వీపుకు గడ్డలా అంటుకుంది. వేళ్ళు నావి కాకుండా పోయాయి. ఫ్రీజర్‌లో ఇలా అయితే ఏం చేస్తావంటే, తలుపు తీసి బయటికి పోతానని నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఇక్కడ తలుపెక్కడ? నేనిక్కడ పోతే ఇంట్లో వాళ్ళు నమ్మను కూడా నమ్మరు, ఎడారిలో చలికి చచ్చిపోయాడంటే. ఆ ఆలోచనకు నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది.

అప్పుడు వినపడ్డాయి. మూడు దెబ్బలు.

సన్నగా, ఎక్కడో అడుగు నుంచి. ఏ దిక్కు నుంచో తెలియలేదు. కదలకుండా కూర్చున్నాను. కాస్త ఆగి మళ్ళీ మూడు. తలుపు మీద ఎలా కొట్టేవాడో అలాగే, అదే ఎడంతో. ఈసారి దిక్కు తెలిసింది. మొహం అటు తిప్పి, పిరుదుల మీద కూర్చొని దేకుతూ కొంచెం కొంచెం జరిగాను. దెబ్బలు ఆగగానే నేనూ ఆగాను. పడగానే మళ్ళీ జరిగాను. ఎన్నిసార్లు కొట్టాడో నాకు తెలియదు. పని మధ్యలో వినపడితే నేను పళ్ళు కొరుక్కున్న ఆ చప్పుడు, ఇంకొక్కసారి కొట్టు భాయ్, ఇంకొక్కసారి అని పైకే అంటూ దిగాను. కాలికి ఏదో అడ్డం తగిలింది. తడిమి చూస్తే ఇనుము. పై మలుపులోని రేలింగ్.

నా దగ్గర పానా లేదు. ఒక రాయి తీసుకొని రెండు దెబ్బలు కొట్టాను. ఇనుము నా చేతిలో వణికింది. అంతే, కింద నుంచి ఆగకుండా మూడు పడ్డాయి. విన్నాడు. రెండు చేతులతో రేలింగ్ పట్టుకొని, దాన్ని వదలకుండా, మలుపు వెంట దిగడం మొదలుపెట్టాను. దిగుతున్న కొద్దీ మబ్బు పలచబడింది. రాలుతున్న మంచు కూడా పలచబడింది. చివరి మలుపు తిరిగేసరికి గాలిలో ఒక్క తునక లేదు.

భాయ్ నేను వదిలిన చోటే ఉన్నాడు. మంచులో మోకాళ్ళ మీద కూర్చొని, చెవి రేలింగ్‌కు ఆనించి, కళ్ళు మూసుకొని ఉన్నాడు. టోపీ మీద, భుజాల మీద, వీపంతా మంచు తెల్లగా పేరుకొని ఉంది. ఇంత మంచు ఇక్కడా పడిందన్నమాట. ఆయన మీదే పడిందన్నమాట. నేను వెళ్ళి భుజం మీద చెయ్యి వేస్తే కళ్ళు తెరిచాడు. రేలింగ్‌కు ఆనిన చెంప ఎర్రగా కమిలిపోయింది. పానా పట్టిన వేళ్ళు విడిపోకపోతే నేనే ఒక్కొక్కటీ విడదీశాను.  నేను అడిగింది ఒక్కటే.

“పడంగ చూసినవా భాయ్?”

ఆయన తలెత్తి పైకి చూశాడు. ఖాళీ ఆకాశం.

“పైకి చూస్తే చెవి పక్కకు పోతాది గదబ్బీ,” అన్నాడు.

మేం చాలాసేపు ఎదురుచూశాం. మళ్ళీ పడలేదు. పొయ్యి దగ్గర కూర్చున్న ఒక సౌదీ పెద్దాయన మా అవతారాలు చూసి, తన ఫర్వా తీసి మా ఇద్దరికీ కలిపి కప్పాడు. గహ్వా, అంటే వాళ్ళ కాఫీ, పోసి ఖర్జూరాలు పెట్టాడు. నేను వణుకుతూ ఏడుస్తుంటే భాయ్ నా వీపు రుద్దుతూ కూర్చున్నాడు. బండి దగ్గరికి పోయాక డ్రైవర్, ఏం చాచా, మంచు చూసినవా అని అడిగాడు. నేను నోరు తెరిచేలోగా భాయ్, బాగా చూసినా అని చెప్పి, ఖుబూస్ రొట్టెలో టమాట పచ్చడి చుట్టి నా చేతిలో పెట్టాడు.

తర్వాతి వారం ఆయన వెళ్ళిపోయాడు. విమానాశ్రయంలో కాళ్ళు మొక్కబోతే తిట్టాడు. నేను మొక్కే తీరాను. అంతకుముందు నా ప్రాణం నా సొంత ఆస్తి అనుకునేవాణ్ణి. ఇప్పుడు దాంట్లో ఆయనకు కూడా వాటా ఉన్నట్టు అనిపిస్తుంది. అలా అనుకోవడం బాగుంటుంది. ఒంటరితనం తగ్గుతుంది.

నాకిప్పుడు కొత్త జోడీ ఉన్నాడు, బంగ్లాదేశ్ మనిషి, నా వయసువాడే. నేను బయట ఉన్నప్పుడు మూడు కొడతాను. అతను లోపల విసుక్కోవడం నాకు తెలుసు, ఒక్కోసారి నాలుగైదు బాదుతాడు. నేను తలుపు లాగి, ఏమైందని అడుగుతాను.

మరుసటి చలికాలంలో ఒక శుక్రవారం మంచు దొరికింది. ఈసారి నేనూ కొత్త జోడీ ఫర్వాలు కొనుక్కొని పోయాం. రేలింగ్ వదలకుండా, పై మలుపు దాకా మాత్రమే ఎక్కాను. పడుతున్నది. ఫర్వా లోపల దాచి వెచ్చగా ఉంచిన ఫోన్ తీసి వీడియో కాల్ చేశాను. భాయ్ ఇంటి ముందు మంచం మీద బనియనుతో, ఎండలో కూర్చొని ఉన్నాడు. నేను ఫోన్‌ను ఆకాశం వైపు ఎత్తి పట్టుకున్నాను. ఇదిగో భాయ్, చూడు, చూడు అనుకుంటున్నాను లోపల.

“నీ జోడీ యాడ?” అని వినపడింది ఫోన్‌లోంచి.

ఫోన్ దించి, కింది మలుపు వైపు తిప్పాను. అక్కడ నా బంగ్లాదేశీ, ఒక చేతిలో పానా పట్టుకొని, రేలింగ్‌కు చెవి ఆనించి కూర్చొని ఉన్నాడు. భాయ్ అతన్ని చాలాసేపు చూశాడు.

“సరే,” అన్నాడు. “ఇంగ పైకి తిప్పబ్బీ, చూస్తా.”